ఏ బ్యాచ్ గొప్పదో తర్వాత చూద్దాం, గేటు బయట ఆగిపోయినవాళ్లను ముందు లెక్కపెట్టండి

మెరిట్ ముచ్చట్లు – 11వ భాగం



పోయిన భాగంలో ఎంట్రన్స్ ర్యాంకుల గురించి మాట్లాడుకున్నాం. అది చదివి ఒక తమ్ముడు ఇట్లా అడిగాడు: "అన్నా, పరీక్షలంటే కోచింగ్ ఉంటది, ఇంగ్లీషు మీడియం ఉంటది, ఒప్పుకుంటా. ఆటల్లో అట్ల కాదు కదా. బంతికి కులం తెల్వదు. నెట్టు అందరికీ ఒకటే ఎత్తు. అమెరికాలో కాలేజీలు వాలీబాల్ పిల్లల్ని తీసుకునేటప్పుడు ఏ ఏడాది బ్యాచ్‌లో ఎంత టాలెంట్ ఉందో లెక్కగట్టి మరీ పోలుస్తరు. అసలు మెరిట్ అంటే అదే గదా?"

తమ్ముడు మనవాడే. హాస్టల్లో ఉండి చదువుకున్నవాడే. మంచి లిఫ్టర్ కూడా. అందుకే ఈ మాటను నవ్వి వదిలెయ్యలేను. రిజర్వేషన్ మీద దాడి చేసేవాళ్లు చివరికి వచ్చి ఆగేది ఇక్కడే కదా: "క్రికెట్ టీంలో రిజర్వేషన్ పెడతారా? ఒలింపిక్స్‌కి కోటాలో పంపుతారా?" ఈ ప్రశ్న పడగానే మన పిల్లలు సగం మంది నోరు కట్టేసుకుంటారు. ఆట అనేది మెరిట్‌కి ఆఖరి కోట అని అవతలివాళ్ల ధీమా. ఇవాళ ఆ కోటలోకే పోదాం. తమ్ముడు చెప్పిన అమెరికా వాలీబాల్ దగ్గరే మొదలుపెట్టి మన ఊరి సెలక్షన్స్ దాకా వద్దాం.

అసలు ఆ పోలిక ఏంటి?

అమెరికాలో పిల్లలు ఏ సంవత్సరం హైస్కూలు పూర్తి చేస్తారో ఆ సంవత్సరం పేరుతో వాళ్లను ఒక "క్లాస్" అంటారు. 2024లో బయటికొచ్చేవాళ్లు 2024 క్లాస్, తర్వాతి ఏడు వాళ్లు 2025 క్లాస్. ఒక యూనివర్సిటీ కోచ్ ఆ ఏడాది ఎవరెవర్ని పట్టుకున్నాడో అది ఆ యూనివర్సిటీ రిక్రూటింగ్ క్లాస్. ఇక అక్కడ నుంచి వాదనలు. ఈ ఏడు బ్యాచ్‌లో ఎత్తు ఎక్కువ, పోయిన ఏడు బ్యాచ్‌లో లిఫ్టర్లు బాగున్నారు, మూడేళ్ల కిందటి బ్యాచ్ లాంటిది మళ్లీ రాదు అని. ఒక్కో కుర్రాడి పేరు పక్కన అంకెలు ఉంటాయి. ఎత్తు ఎంత, నిలబడి చెయ్యి చాపితే ఎంత అందుతుంది, పరుగెత్తుకొచ్చి ఎగిరితే ఎంత అందుతుంది, ఏ క్లబ్‌కి ఆడాడు, జూనియర్ నేషనల్ క్యాంపుకి పిలిచారా లేదా.

చూడ్డానికి సైన్సు లాగే ఉంటుంది. కానీ ఒక్క ప్రశ్న అడగండి. రెండు కుప్పల్ని పోల్చాలంటే రెండూ ఒకే జల్లెడలోంచి వచ్చి ఉండాలి కదా? ఒక ఏడు వేయిమంది పిల్లలకు కోర్టు దొరికింది, ఇంకో ఏడు రెండు వేలమందికి దొరికింది అనుకోండి. రెండో బ్యాచ్ బాగుంటే అది పిల్లల గొప్పా, కోర్టు గొప్పా? ఆ జాబితాల్లో పిల్లల అంకెలు ఉంటాయి గానీ జల్లెడ లెక్క ఉండదు. ఎంతమంది అసలు బంతి ముట్టుకోలేదో, ఎంతమంది ఫీజు కట్టలేక పదమూడేళ్లకే ఆపేశారో ఆ గడి ఎక్కడా కనపడదు. ఆ గడి లేకుండా చేసిన పోలికలో పిల్లల టాలెంట్ ఎంతో, గేటు వెడల్పు ఎంతో విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

కాలిఫోర్నియా నీళ్లలో ఏముంది?

అమెరికా కాలేజీల పురుషుల జాతీయ వాలీబాల్ చాంపియన్‌షిప్ 1970లో మొదలైంది. మొదటి కప్పు యూసీఎల్‌ఏది. అక్కడ నుంచి 1993 దాకా, 24 ఏళ్లు వరసగా, కప్పు కాలిఫోర్నియా దాటి బయటికి పోలేదు. యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, పెప్పర్‌డైన్, శాన్ డియేగో స్టేట్, లాంగ్ బీచ్ స్టేట్. పేర్లు మారాయి గానీ రాష్ట్రం మారలేదు. 1994లో పెన్ స్టేట్ ఆ వరస తెంచింది.

1993లో ఎవరైనా మెరిట్ పండితుడు కూర్చుని రాసి ఉంటే ఏం రాసేవాడు? "వాలీబాల్ టాలెంట్ సహజంగా కాలిఫోర్నియాలో పుడుతుంది. మిగతా 49 రాష్ట్రాల పిల్లలకు ఆ శక్తి లేదు. ఇరవై నాలుగేళ్ల రికార్డు ఉంది, ఇంకేం రుజువు కావాలి?" ఈ గొంతు మనకు కొత్త కాదు. ఏ ఐఐటీ గేటు దగ్గర, ఏ హైకోర్టు కారిడార్లో నిలబడినా వినపడేదే. "ఇన్నేళ్లుగా మా వాళ్లే వస్తున్నారు కాబట్టి మా వాళ్లలోనే ఉంది."

ఉన్నదేంటంటే బీచ్ ఉంది. ఏడాది పొడుగునా ఎండ ఉంది. హైస్కూళ్లలో మగపిల్లల వాలీబాల్ జట్లు ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో మగపిల్లల వాలీబాల్‌ని స్కూలు ఆటగా గుర్తించనే లేదు, అక్కడి పిల్లలు ఫుట్‌బాల్‌కో బాస్కెట్‌బాల్‌కో పోయారు. తర్వాత తర్వాత మిడ్‌వెస్ట్‌లో కోర్టులు, కోచ్‌లు పెరిగాక షికాగో లయోలా 2014, 2015లో గెలిచింది, ఒహాయో స్టేట్ 2016, 2017లో గెలిచింది. అక్కడి తల్లుల కడుపున ఉన్నట్టుండి కొత్త రకం పిల్లలు పుట్టలేదు. ఆడే చోటు వచ్చింది, అంతే.

కార్చ్ కిరాయ్ పేరు వాలీబాల్ ఆడేవాళ్లకు తెలుసు. 1984, 1988 ఒలింపిక్స్‌లో ఇండోర్ బంగారం, 1996లో బీచ్ వాలీబాల్ బంగారం. 20వ శతాబ్దపు ఉత్తమ ఆటగాడు అని అంతర్జాతీయ సమాఖ్య ఇటలీ ఆటగాడు బెర్నార్డితో కలిపి ప్రకటించింది. మహా ఆటగాడే, సందేహం లేదు. ఆయన నాన్న హంగరీ జూనియర్ జట్టుకి ఆడినవాడు. 1956 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి అమెరికా వచ్చి డాక్టర్ అయ్యాడు. కొడుక్కి ఆరేళ్లకే బంతి ఇచ్చాడు, పదకొండేళ్లకు తన పక్కనే నిలబెట్టుకుని బీచ్ టోర్నమెంట్ ఆడించాడు. ఊరు శాంటా బార్బరా, సముద్రం ఒడ్డు. ఈ మాటలు కిరాయ్‌ని తగ్గించడానికి చెప్పడం లేదు. ఆ కష్టం ఆయనదే. కానీ ఆ కష్టం పడ్డానికి కావాల్సిన ఇసుక, సాయంత్రాలు, నేర్పించే నాన్న ముందే సిద్ధంగా ఉన్నాయి. మన పిల్లాడికి ఆరేళ్లప్పుడు నాన్న ఎక్కడుంటాడు? పత్తి చేనులోనో, హైదరాబాదులో సెంట్రింగ్ పని దగ్గరో.

జేబు లోతెంత?

అక్కడ రిక్రూట్ కావాలంటే స్కూలు జట్టు చాలదు. క్లబ్‌లో ఆడాలి. క్లబ్ అంటే ప్రైవేటు. ఫీజు, యూనిఫాం, కోచ్ ఖర్చు, రాష్ట్రాలు దాటి టోర్నమెంట్లకు విమానం టికెట్లు, హోటళ్లు. ఏడాదికి వేల డాలర్లు. కాలేజీ కోచ్‌లు వచ్చి కూర్చుని చూసేది ఆ టోర్నమెంట్లలోనే. అక్కడికి రాని పిల్లాడు కోచ్ కంటికి లేనట్టే.

సరే, అంత పెట్టుబడి పెట్టి రిక్రూట్ అయ్యాడనుకోండి. చదువు ఉచితమా? కాదు. దశాబ్దాల పాటు అక్కడి పై స్థాయి పురుషుల వాలీబాల్ జట్టు ఒక్కోదానికి ఉన్న పరిమితి నాలుగున్నర స్కాలర్‌షిప్పులు. జట్టులో పదిహేను, ఇరవై మంది. నాలుగున్నర రొట్టెల్ని ఇరవై మంది పంచుకున్నట్టు తలా ఒక ముక్క. మిగతా ఫీజు ఇంటి నుంచే. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ వచ్చాక, అందులో చేరిన యూనివర్సిటీలకు ఆ పరిమితి పోయి జట్టుకు 18 మంది అనే లెక్క వచ్చింది. డబ్బు ఇవ్వొచ్చు అన్నారు, ఇచ్చి తీరాలి అనలేదు. అంటే నిన్నటిదాకా "ఈ ఏడాది రిక్రూటింగ్ క్లాస్ అద్భుతం" అని రాసిన ప్రతి వాక్యానికీ కనపడని తోక ఒకటి ఉంది: "ఫీజులో ముప్పావు వంతు కట్టుకోగల కుటుంబాల్లోంచి".

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పాలి. ఆడపిల్లల వాలీబాల్‌కి 12 స్కాలర్‌షిప్పులు ఉండేవి. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం చదువుల్లో, ఆటల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలంది. దాంతో "ఆడపిల్లల వల్ల మా మగపిల్లల వాలీబాల్ చచ్చిపోయింది" అని ఏడ్చే జనం అక్కడ తయారయ్యారు. అదే యూనివర్సిటీలో ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 85 స్కాలర్‌షిప్పులు మింగేది. దాన్ని ఎవరూ వేలెత్తి చూపరు. ఈ ఏడుపు కూడా మనకు తెలిసిందే కదా? సీటు రాకపోతే పక్క బెంచీలో ఉన్న దళిత పిల్లాడి మీద పడేవాడు, మేనేజ్‌మెంట్ కోటా జోలికి మాత్రం పోడు.

జాబితా కళ్లకు కనపడనివాళ్లు

సరే, ఎవరు ఎట్లా వచ్చినా, వచ్చినవాళ్లలో గొప్పవాళ్లెవరో జాబితా సరిగ్గా చెప్తుందా? అదీ లేదు.

2021లో, 2022లో కప్పు గెలిచింది హవాయి యూనివర్సిటీ. 2021 జట్టుకి వెన్నెముక లాంటివాడు రాడో పారపునోవ్, బల్గేరియా నుంచి వచ్చినవాడు. అమెరికా హైస్కూలు పిల్లల్ని వరస పెట్టే జాబితాలో ఇట్లాంటి కుర్రాడికి చోటే ఉండదు. జాబితాలు అమెరికా క్లబ్బుల్ని చూస్తూ కూర్చున్నాయి, ఆట ఇంకెక్కడి నుంచో వచ్చి కప్పు పట్టుకుపోయింది. గేటు బయట ఎవరున్నారో చూడనివాడు చేసే లెక్క గేటు లోపల కూడా తప్పుతుంది.

ఇక ఎత్తు. జపాన్ ఆటగాడు యూజీ నిషిదా ఎత్తు ఆరడుగుల రెండంగుళాల లోపే. అంతర్జాతీయ స్థాయిలో షాట్ కొట్టేవాడికి అది తక్కువ ఎత్తు కింద లెక్క. ఆ జపాన్ 2023 నేషన్స్ లీగ్‌లో కంచు, 2024లో వెండి గెలిచింది. ఎట్లా? బంతిని కింద పడనివ్వకుండా. రిసీవ్ చెయ్యడం, ఎదుటివాడి భుజం చూసి బంతి ఎటొస్తుందో పసిగట్టడం, మూడో టచ్ దాకా ఓపిక పట్టడం. ఏ టేపు కొలుస్తుంది వీటిని? 1998లో లిబరో అనే స్థానాన్ని అంతర్జాతీయ సమాఖ్య తెచ్చింది. వాడు అటాక్ చెయ్యడు, బ్లాక్ చెయ్యడు, బంతిని లేపుతాడు. ఆట తన నియమాల్లోనే ఒప్పుకుంది, ఎత్తు లేని నైపుణ్యానికీ కోర్టులో చోటు ఉండాలని. మన మెరిట్ పండితులే ఇంకా ఒప్పుకోలేదు.

అవే కాళ్లు, అదే ఎగురుడు

ఇప్పుడు అసలు ప్రశ్న. వాలీబాల్ జాబితాలో మొదట చూసేది ఎంత ఎత్తు ఎగురుతాడనే కదా. బాస్కెట్‌బాల్‌లో కూడా అదే. ఎన్‌బీఏలో ఆడేవాళ్లలో నల్లజాతి వాళ్లే ఎక్కువ. మరి అదే ఎత్తు, అదే ఎగురుడు ఉన్న నల్ల కుర్రాళ్లు మగపిల్లల వాలీబాల్ జాబితాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అంత తక్కువ కనపడతారు? రక్తంలో ఏదో ఉందనే మాట నేను అనను, అనేవాళ్లను నమ్మను. జవాబు చాలా మామూలుది. బాస్కెట్‌బాల్ హూప్ పేట మధ్యలో పార్కులో ఉంటుంది, ప్రతి ప్రభుత్వ స్కూల్లో ఉంటుంది. వాలీబాల్ క్లబ్ ఊరి శివారు గేటెడ్ కాలనీల దగ్గర ఉంటుంది, ఫీజు అడుగుతుంది.

నల్లజాతి వాళ్ల కోసం ఏర్పడిన చారిత్రక కాలేజీలు అక్కడ వంద దాకా ఉన్నాయి. జాతీయ చాంపియన్‌షిప్ మొదలై యాభై ఏళ్లు గడిచాక, 2020లో, ఫస్ట్ పాయింట్ వాలీబాల్ ఫౌండేషన్ వాళ్లు అమెరికా వాలీబాల్ సంఘంతో కలిసి 10 లక్షల డాలర్ల గ్రాంటు ప్రకటించారు. ఆ కాలేజీల్లో ఆరింట పురుషుల జట్లు పెట్టడానికి. అందులో మోర్‌హౌస్ ఒకటి, మార్టిన్ లూథర్ కింగ్ 1948లో డిగ్రీ తీసుకున్న కాలేజీ. యాభై ఏళ్ల పాటు ఆ పిల్లల్లో టాలెంట్ లేదా? 2020లో చెక్కు రాగానే పుట్టుకొచ్చిందా? ఆ యాభై ఏళ్లలో ఏ బ్యాచ్ గొప్పదో వాదించుకున్న పెద్దమనుషులు ఒక్కసారైనా ఈ సంగతి ఎత్తారా?

బాబాసాహెబ్ 1946లో డుబాయిస్‌కి ఉత్తరం రాసి అమెరికా నల్లవాళ్ల స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ పోలిక ఉందని ఎందుకన్నాడో ఇట్లాంటి చోట్ల అర్థమవుతుంది. అవకాశాన్ని తలుపు దగ్గర ఆపి, లోపలున్నవాళ్లకు మెరిట్ అని పేరు పెట్టే పద్ధతి రెండు చోట్లా ఒకటే.

రిక్రూట్ అనే మాట ఖరీదు

ఇదంతా ఆట వరకే అయితే ఇంత రాయను. అక్కడ రిక్రూట్ అంటే యూనివర్సిటీ సీటు.

2019లో అమెరికాలో ఒక అడ్మిషన్ల కుంభకోణం బయటపడింది. రిక్ సింగర్ అనే దళారి డబ్బున్న తల్లిదండ్రుల దగ్గర తీసుకుని వాళ్ల పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించాడు. ఫొటోలు సృష్టించారు, రికార్డులు సృష్టించారు, కోచ్‌లకు ముట్టజెప్పారు. ఆట ఆడని పిల్లలు రిక్రూట్లయ్యారు. యాభై మందికి పైగా మీద కేసులు పెట్టారు. సింగర్‌కి 2023లో మూడున్నరేళ్ల శిక్ష పడింది. అమ్ముడుపోయింది ఆట కాదు, రిక్రూట్ అనే ముద్ర. అది అంత సులువుగా లోపలికి తీసుకుపోతుంది కాబట్టే దానికి అంత ధర.

దొంగతనం వదిలెయ్యండి, చట్టబద్ధంగా జరిగేది చూడండి. ఐవీ లీగ్ యూనివర్సిటీల్లో పురుషుల వాలీబాల్ యూనివర్సిటీ జట్లు ఉన్నవి హార్వర్డ్, ప్రిన్స్‌టన్. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కానీ కోచ్ కోరుకున్నవాడికి సీటు దగ్గర దారి సుగమం. హార్వర్డ్ మీద కేసు వేసినవాళ్ల తరఫు ఆర్థికవేత్తే లెక్కలు తీశాడు: రిక్రూట్ అయిన ఆటగాళ్లలో 86 శాతం మందికి సీటు వచ్చింది. ఏ అండా లేని మామూలు దరఖాస్తుదారుల్లో పదిమందిలో ఒకరికి కూడా రాని చోట ఇది. సీటొచ్చిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా రిక్రూటైన ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, దాతల తాలూకు వాళ్లు, సిబ్బంది పిల్లలు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఏం చేసింది? జాతిని లెక్కలోకి తీసుకునే అడ్మిషన్లను కొట్టేసింది. ఆటగాళ్ల దారి, పూర్వ విద్యార్థుల పిల్లల దారి అట్లాగే ఉన్నాయి. నల్ల పిల్లాడికి చరిత్ర చూసి ఇచ్చే చెయ్యూత అన్యాయం, క్లబ్ ఫీజు కట్టినవాడికి ఇచ్చే చెయ్యూత మెరిట్! ఆ తీర్పు వచ్చిన రోజు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో లడ్డూలు పంచుకున్నవాళ్లను చూశాను. ఇక్కడ రిజర్వేషన్ పోవాలని కోరుకునే నోళ్లే అవి.

ఇప్పుడు మన టేపు దగ్గరికి

"అన్నా, అది అమెరికా. మన దగ్గర క్లబ్ ఫీజు లేదు, ప్రభుత్వమే సెలక్షన్స్ పెడుతుంది" అంటారు. నిజమే, ఫీజు లేకపోవడం మంచి సంగతి. మరి టేపు?

వాలీబాల్ మనకు వైఎంసీఏ ద్వారా వచ్చిన ఆట. 1895లో అమెరికాలో హోల్యోక్ వైఎంసీఏలో విలియం మోర్గన్ దీన్ని తయారు చేసింది ఒకరినొకరు తోసుకోకుండా, తాకకుండా ఆడుకోవడానికి. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కాలేజీ మొదలైంది. ఇవాళ మాల మాదిగ వాడల్లో, చర్చి కాంపౌండ్లలో, ఎస్సీ హాస్టళ్ల వెనక ఖాళీ జాగాలో సాయంత్రమైతే కనపడేది ఈ ఆటే. రెండు గుంజలు, ఒక నెట్టు, ఒక బంతి, 18 మీటర్లు పొడవు 9 మీటర్లు వెడల్పు నేల. పన్నెండు మంది ఆడొచ్చు. కబడ్డీలో ముట్టుకోవాలి. వాలీబాల్‌లో మధ్యన నెట్టు ఉంటుంది. ముట్టుకుంటే మైల అనే ఊళ్లో మనవాళ్లు ఊరివాళ్లకు ఎదురు నిలబడి, ఎవర్నీ తాకకుండానే ఓడించగల ఆట ఇది. ఇంత ఆట ఉన్న వాడల నుంచి పైకి ఎంతమంది వెళ్లారు?

సెలక్షన్స్ ఎట్లా జరుగుతాయో చూడండి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ లాంటి చోట్ల నాలుగో తరగతిలోనే పిల్లల్ని తీసుకుంటారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, వర్టికల్ జంప్, ఒళ్లు వంచడం. ఎనిమిది తొమ్మిదేళ్ల పసివాడు. మొదట వాణ్ని గోడకి ఆనించి నిలబెట్టి కొలిచేది ఎత్తు.

ఆ ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు తియ్యండి. దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారినవాళ్లు ఎస్టీల్లో 43.8 శాతం, ఎస్సీల్లో 42.8 శాతం, బీసీల్లో 38.7 శాతం, మిగతా కులాల్లో 31.2 శాతం. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారు? పెరిగారు. స్పోర్ట్స్ స్కూళ్ల లైన్లలో, అండర్–14 సెలక్షన్స్‌లో వచ్చి నిలబడ్డది ఆ పసిపిల్లలే. తల్లి కడుపులో ఉండగా తల్లికి తినడానికి లేక, పుట్టాక పాలు గుడ్డు లేక, వాడలో మంచినీళ్లు లేక పోగొట్టుకున్న అంగుళాలను ఇవాళ గోడకి ఆనించి కొలిచి "టాలెంట్ లేదు" అంటున్నాం. తెలంగాణలో ఆ సర్వేకీ 2019–20లో జరిగిన తర్వాతి సర్వేకీ మధ్య గిడసబారిన పిల్లలు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. అంటే వచ్చే బ్యాచ్‌లు ఇంకా "వీక్" అని ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. ఏ పీడీ సారూ, ఏ సెలక్టరూ దానికి బాధ్యుడు కాదు. కానీ ఆ కొలతను మెరిట్ అని పిలిచే ప్రతివాడూ బాధ్యుడే.

పుట్టినరోజు సంగతి చూడండి. మన ఇళ్లలో చాలామందికి పుట్టిన తేదీ హెడ్మాస్టర్ రాసిందే. బడిలో చేర్చిన రోజు అయిదేళ్లు వచ్చేలా వెనక్కి లెక్కపెట్టి జూన్‌లో ఏదో తేదీ. పదకొండేళ్లవాడు కాగితం మీద పన్నెండున్నర అవుతాడు, నిజంగా పన్నెండున్నర ఏళ్లున్న వాడి పక్కన నిలబడి ఓడిపోతాడు. ఆ వయసులో ఏడాదిన్నర తేడా అంటే ఎత్తులో, బలంలో కొండంత. కాగితాలు సరిగ్గా ఉన్నవాడికి ఈ బాధ లేదు. కాగితాలు మార్పించుకోగలవాడికి అసలే లేదు.

ఈ గేటు దాటితే ఏముందో కూడా గుర్తుంచుకోండి. మంచి తిండి, కోచ్, టోర్నమెంట్లు, సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం ఆ కోటాది. అంటే తొమ్మిదేళ్లప్పుడు టేపు చెప్పిన మాట ఇరవై అయిదేళ్లప్పుడు ఉద్యోగం దగ్గర కూడా మాట్లాడుతుంది.

"మరి గెలవొద్దా? ఎత్తు లేనివాణ్ని తీసుకెళ్తే జట్టు ఓడిపోదా?"

ఈ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెప్దాం. నెట్టు ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు. దాన్ని మన కోసం దించమని ఎవరూ అడగడం లేదు. ఆఖరి రోజు, ఆఖరి జట్టులో, గెలవగలవాళ్లే ఆడాలి. మనవాళ్లు అందుకు భయపడే రకం కాదు. మేం అడిగేది ఆ ఆఖరి రోజుకు ముందు పదిహేనేళ్లు ఏం జరిగిందని. ఒలింపిక్స్‌లో రిజర్వేషన్ పెడతారా అని అడిగేవాడికి ఇదే నా జవాబు: బాబూ, ఒలింపిక్స్‌లో కాదు, ఒలింపిక్స్‌కి పోయే దారిలో పెట్టాలి. అక్కడే నువ్వు ఇన్నేళ్లుగా సొంత కోటా నడుపుకుంటున్నావు.

చదువుల విషయంలో మన సుప్రీంకోర్టే 2022 జనవరిలో, మెడికల్ పీజీ సీట్లలో బీసీ రిజర్వేషన్ మీద తీర్పు చెప్తూ, పోటీ పరీక్షలో వచ్చిన మార్కులనే మెరిట్ అనుకోవడం కుదరదని, ఆ మార్కుల వెనక ఉన్న సామాజిక, ఆర్థిక సౌకర్యాలు పరీక్షలో కనపడవని తేల్చింది. మార్కుల మాట అయితే టేపు మాట కాదా?

ఇంకొకటి. ఎంపిక గేటు చిన్నదైతే నష్టం మనకే అనుకోకండి. దేశానికి కూడా. మన పురుషుల జట్టు ఆసియా క్రీడల్లో ఆఖరిసారి పతకం తెచ్చింది 1986 సియోల్‌లో, కంచు. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి అబ్దుల్ బాసిత్ ఉన్నాడు, పి.వి. రమణ ఉన్నాడు. తర్వాత ఎన్ని బ్యాచ్‌లు వచ్చాయి? ప్రతి బ్యాచ్‌నీ "మెరిట్" మీదే తీశామన్నారు కదా. పతకం ఏది?

మనం ఏం అడగాలి?

విద్యార్థి సంఘాల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది రాసుకోండి.

ఒకటి. మీ జిల్లాలో స్పోర్ట్స్ స్కూల్, అకాడమీ సెలక్షన్స్‌కి ఎంతమంది వచ్చారు, ఎంతమందిని తీసుకున్నారు, కులం వారీగా, మండలం వారీగా, ప్రభుత్వ బడి – ప్రైవేటు బడి వారీగా లెక్క ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గెలిచినవాళ్ల పేర్లు అందరూ చెప్తారు. ఆగిపోయినవాళ్ల లెక్క మనమే తియ్యాలి.

రెండు. సెలక్షన్ ఒక్క రోజు తంతు కాకూడదు. ఎంపిక చేసే ముందు కొన్ని నెలలు తిండి పెట్టి, ఆడించి, తర్వాత చూడండి. ఎత్తుతో పాటు రిసీవింగ్, బంతి అంచనా, జట్టుతో మాట కలపడం కూడా మార్కుల్లోకి రావాలి.

మూడు. ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్‌కి కోర్టు, నెట్టు, ఏటా బంతులు, కనీసం నాలుగు హాస్టళ్లకు కలిపి ఒక కోచ్. ఇది దానం కాదు, సబ్‌ప్లాన్ నిధుల్లో మన వాటా.

నాలుగు. రోజుకో గుడ్డు. నవ్వకండి. వాలీబాల్ విధానం అంటే మొదట పోషకాహార విధానమే. అంగన్‌వాడీలో గుడ్డు మాయమైతే పదేళ్ల తర్వాత కోర్టులో ఒక బ్లాకర్ మాయమవుతాడు.

అయిదు. ఇది మనలో మనకు. వాడలో మంచిగా ఆడే పిల్లాడు కనపడితే "ఆటలు కూడు పెడతాయా" అని ఆపొద్దు. అట్లాగని చదువు మాన్పించి టోర్నమెంట్ల చుట్టూ తిప్పొద్దు. వాడి పుట్టిన తేదీ కాగితం సరిచేయించండి. సెలక్షన్ తేదీ ఎప్పుడో కనుక్కుని బస్సు ఎక్కించండి. చాలామంది ఓడిపోయేది కోర్టులో కాదు, నోటిఫికేషన్ వాడ దాకా రాకపోవడంలో.

ఇక ఎవరైనా మీ ముందు "ఈ బ్యాచ్‌లో టాలెంట్ ఎక్కువ, ఆ బ్యాచ్‌లో తక్కువ" అంటే, అది వాలీబాల్ అయినా ఐఐటీ అయినా గ్రూప్–1 అయినా, కోపం తెచ్చుకోకండి. ఒకటే అడగండి: "సెలక్షన్‌కి ఎంతమంది రాగలిగారు? రానివాళ్లు ఎవరు?" జవాబు చెప్పగలిగితే కూర్చుని పోలుద్దాం. చెప్పలేకపోతే ఆయన పోలుస్తున్నది పిల్లల్ని కాదు, వాళ్ల నాన్నల్ని.

12వ భాగంలో: స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్లు ఎవరి చేతుల్లో తిరుగుతున్నాయి? మీ జిల్లాలో సమాచార హక్కు కింద తెచ్చిన లెక్కలు ఏవైనా ఉంటే ఈలోగా పంపండి.

జై భీమ్.